చనిపోయినవాళ్ల తరఫున అడిగేదెవరు? (విమర్శ గురించి – 3)



పోయిన భాగం చదివి ఒక విద్యార్థి తమ్ముడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, సంఘంలో లెక్కలు అడిగితే నెగెటివ్‌గా మాట్లాడుతున్నావ్ అంటున్నారు. ఊరుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు. విమర్శకీ నెగెటివిటీకీ గీత ఎక్కడుందో ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు. ఒక్క ముక్కలో చెప్పడం నాకు రాదని మీ అందరికీ తెలుసు. అందుకే ఈ భాగం.

మన సంఘాల ఉదాహరణ తీసుకుంటే మీరు పేర్లు వెతుక్కుంటారు. ఇది ఫలానా అన్న గురించి, అది ఫలానా అక్క గురించి అని గుసగుసలు మొదలవుతాయి. అసలు మాట పక్కకు పోతుంది. కాబట్టి ఈసారి కావాలనే చాలా దూరం పోతున్నా. మనలో ఎవరికీ చుట్టరికం లేని, మనకెవరి మీదా కోపం లేని ఒక చిన్న ఉద్యమం అమెరికాలో ఉంది. దాని పేరు క్రయోనిక్స్.

సంగతేంటంటే, మనిషి చనిపోయాడని డాక్టర్ ప్రకటించిన వెంటనే శరీరాన్ని చల్లబరుస్తారు. రక్తం తీసేసి, లోపల మంచు పట్టకుండా ఉండే రసాయనాలు ఎక్కిస్తారు. తర్వాత మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో పెట్టి దాస్తారు. కొందరు తలను మాత్రమే దాచుకుంటారు. ఎప్పటికో వైద్యం ఎదిగి తమను తిరిగి లేపుతుందని ఆశ. రాబర్ట్ ఎటింగర్ అనే ఫిజిక్స్ టీచర్ 1964లో ఈ ఆలోచన మీద పుస్తకం తెచ్చాడు. 1967 జనవరి 12న జేమ్స్ బెడ్‌ఫోర్డ్ అనే రిటైర్డ్ సైకాలజీ ప్రొఫెసర్‌ని మొదటిసారి అలా దాచారు. ఇప్పటికి కొన్ని వందల మందిని దాచారు. ఒక్కరు కూడా లేచింది లేదు. ఎలా లేపాలో ఎవరికీ తెలియదు. ఆ సంగతి వాళ్లే ఒప్పుకుంటారు.

నవ్వొచ్చిందా? మొదటిసారి చదివినప్పుడు నాకూ వచ్చింది. డబ్బున్నోళ్ల పిచ్చి అనుకున్నా. చాట్స్‌వర్త్ సంగతి చదివాక ఆ నవ్వు ఆగిపోయింది. చావు తర్వాత శరీరానికి ఏమవుతుంది, దానికి చోటు ఎవరిస్తారు, ఎవరు కాపలా ఉంటారు అన్నవి మన వాడల్లో పుట్టినవాళ్లకు చిన్న ప్రశ్నలు కావు. శ్మశానం దారి కోసం శవాన్ని రోడ్డు మీద పెట్టి కూర్చున్న రోజులు మనకు తెలుసు. శవం తన గురించి తాను మాట్లాడుకోలేదు. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి. ఈ వ్యాసం మొత్తం దాని మీదే నడుస్తుంది.

చాట్స్‌వర్త్ కథ ఇది.

కాలిఫోర్నియాలో క్రయోనిక్స్ సొసైటీకి అధ్యక్షుడు రాబర్ట్ నెల్సన్. వృత్తికి టీవీలు రిపేర్ చేసేవాడు. డాక్టర్ కాదు, సైంటిస్టు కాదు. బెడ్‌ఫోర్డ్‌ని దాచిన బృందానికి ముందు నడిచింది అతనే. 1970లో చాట్స్‌వర్త్ అనే చోట ఒక శ్మశానంలో నేలమాళిగ తీసుకుని, పెద్ద థర్మాస్ ఫ్లాస్కుల్లాంటి గొట్టాల్లో మనుషుల్ని దాచాడు. లిక్విడ్ నైట్రోజన్ ఊరికే ఉండదు, ఆవిరైపోతూ ఉంటుంది. మళ్లీ మళ్లీ నింపాలి. గొట్టం గోడల మధ్య గాలి లేకుండా చూసే పంపులు నడుస్తూ ఉండాలి. ఇదంతా డబ్బు. కొన్ని కుటుంబాలు మొదట్లో ఇచ్చి తర్వాత ఇవ్వడం మానేశాయి. కొందరి దగ్గర అసలే లేదు. నెల్సన్ కాదనలేకపోయాడు. ఉన్న గొట్టంలోనే ఇంకొకర్ని పెట్టాడు. పంపులు చెడిపోయాయి. నైట్రోజన్ అయిపోయింది. శరీరాలు కరిగిపోయాయి. వాళ్లలో ఒక చిన్న పాప కూడా ఉంది.

ఇదంతా ఒక్క రోజులో జరగలేదు. ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లన్నీ బయటికి వచ్చిన మాట అంతా బాగానే ఉందనే. 1979లో ఒక లాయర్ వెంటపడితే గుట్టు రట్టయింది. కుటుంబాలు కోర్టుకెక్కాయి. 1981లో తీర్పు నెల్సన్‌కి వ్యతిరేకంగా వచ్చింది. భారీ నష్టపరిహారం వేశారు.

నెల్సన్ జేబు నింపుకోవడానికి ఈ పని మొదలుపెట్టాడని నేననుకోవట్లేదు. అతను నమ్మినవాడు. అసలు భయం అక్కడే ఉంది. దొంగ దొరుకుతానని భయపడతాడు. నమ్మినవాడు ఇంకో నెల ఆగితే అంతా సర్దుకుంటుందని అనుకుంటాడు. ఆ ఇంకో నెల కోసం ఒక చిన్న అబద్ధం చెప్తాడు. ఉద్యమం పరువు పోతుందని ఇంకొకటి చెప్తాడు. అడిగినవాణ్ని చూసి, ఇంత కష్టపడుతుంటే వీడికి నమ్మకం లేదేంటి అని నిజంగానే బాధపడతాడు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వస్తా.

హాస్టల్లో పప్పు నీళ్లగా ఉంటే ఆ పూటే తెలుస్తుంది. వంతెన సరిగ్గా కట్టకపోతే ఒక వానాకాలంలో తెలుస్తుంది. ఆపరేషన్ తప్పుగా చేస్తే పేషెంటుకి జ్వరం వస్తుంది, కుట్లు చీము పడతాయి, ఇంటివాళ్లు గొడవ చేస్తారు. అంటే పనే తన తప్పును తాను బయటపెట్టుకుంటుంది. క్రయోనిక్స్‌లో అది లేదు. పేషెంటు తిరిగొచ్చి, మీరు రెండు గంటలు ఆలస్యం చేశారు, నా మెదడు పాడైంది అని ఫిర్యాదు చేయడు. మంచిగా చేసినా, చెత్తగా చేసినా బయటికి కనబడేది ఒకటే స్టీలు గొట్టం. ఫలితం తెలియడానికి వందేళ్లు పట్టొచ్చు, ఎప్పటికీ తెలియకపోవచ్చు.

అలాంటి పనిలో తప్పు తెలిసే దారి ఒకటే. పని జరుగుతుండగా చూసినవాడో, లెక్కలు చదివినవాడో నోరు తెరవాలి. అంటే అక్కడ విమర్శకుడు చేసేది, మామూలు వైద్యంలో జ్వరమూ నొప్పీ చేసే పని. వాణ్ని నెగెటివ్ అని బయటికి పంపడమంటే థర్మామీటర్ పగలగొట్టి జ్వరం లేదనుకోవడమే.

మరి అడ్డగోలుగా తిట్టేవాడి సంగతేంటి? వాడూ నోరు తెరుస్తున్నాడు కదా? నిజమే. రెండు రకాలనీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

క్రయోనిక్స్‌ని వెక్కిరించడానికి శాస్త్రవేత్తల్లో ఒక పాత జోకుంది. గడ్డకట్టిన మనిషిని లేపడం, కైమా కొట్టిన మాంసాన్ని మళ్లీ ఆవుగా చేయడం లాంటిదని. నవ్వు తెప్పించే మాటే. అందులో కొంత నిజం కూడా ఉంది. నీరు మంచుగా మారితే కణాలు చితికిపోతాయి. కానీ ఆ జోకు విన్నవాడికి చేయడానికి ఏమీ మిగలదు. ఎంత చితికింది, ఎక్కడ చితికింది, ఏ రసాయనం వాడితే తగ్గుతుంది అన్న ప్రశ్నే అందులో లేదు. 1982లో అమెరికాలోని క్రయోబయాలజీ సొసైటీ ఇంకో అడుగు వేసింది. మళ్లీ లేపుతామన్న ఆశతో శవాల్ని గడ్డకట్టించేవాళ్లకు సభ్యత్వం నిరాకరించేలా నిబంధన పెట్టుకుంది. తమ శాస్త్రానికి చెడ్డపేరు రాకూడదన్న భయం నాకర్థమవుతుంది. కానీ తలుపు మూసేస్తే లోపలివాళ్ల పని బాగుపడదు. బయటివాళ్లకు లోపల ఏం జరుగుతుందో తెలియదు.

అదే కాలంలో, అదే మంచు సమస్యని పట్టుకుని గ్రెగరీ ఫాహీ లాంటి శాస్త్రవేత్తలు ఏం చేశారో చూడండి. నీళ్లు మంచుగా మారకుండా గాజులాగా గట్టిపడేలా చేయొచ్చా అని అడిగారు. దాన్ని వైట్రిఫికేషన్ అంటారు. 1985లో రాల్, ఫాహీ ఇద్దరూ ఎలుక పిండాల్ని అలా దాచి, తిరిగి బతికించి చూపించారు. ఏళ్ల తర్వాత ఫాహీ బృందం కుందేలు కిడ్నీని వైట్రిఫై చేసి, వెచ్చబరిచి, ఒక కుందేలులో అమర్చింది. ఆ ఒక్క కిడ్నీతోనే ఆ కుందేలు వారాల తరబడి బతికింది. ఆ ఫలితం 2009లో అచ్చయింది. 2000 తర్వాత క్రయోనిక్స్ సంస్థలు కూడా వైట్రిఫికేషన్‌కు మారాయి. విమర్శ ఒక్కటే: మంచు కణాల్ని చంపుతుంది. ఒకరి నోట్లో అది జోకయింది, ఇంకొకరి చేతిలో ప్రయోగమయింది.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ మాత్రం వేరే. అది లోపలివాళ్లు తమ మీద తాము చేసుకున్న విమర్శ.

ఆల్కర్ అనే సంస్థ 1972 నుంచి ఉంది. 1980ల మొదట్లో, పూర్తి శరీరాలుగా దాచిన ముగ్గురిని డబ్బు ఇబ్బందుల వల్ల తలల వరకే దాచే పద్ధతికి మార్చాల్సి వచ్చింది. మిగిలిన శరీరాల్ని గుట్టుచప్పుడు కాకుండా దహనం చేసేస్తే అడిగేవాడు లేడు. వాళ్లు అలా చేయలేదు. కోసి చూశారు. చూస్తే గుండె, ఊపిరితిత్తులు, వెన్నుపాము, ఏ అవయవం చూసినా పగుళ్లు. వేడి గ్లాసులో చల్లటి నీళ్లు పోస్తే పగిలినట్టు, అంత లోతు చలికి కణజాలం పగిలింది. ఇది వాళ్ల నమ్మకానికి పెద్ద దెబ్బ. శత్రువు చేతికి దొరికితే ఆయుధం. అయినా 1984లో తమ సొంత పత్రికలోనే ఆ వివరాలన్నీ అచ్చేశారు. రాసిన ముగ్గురూ, మైక్ డార్విన్, హ్యూ హిక్సన్, జెర్రీ లీఫ్, ఆ సంస్థలో పనిచేసేవాళ్లే. తర్వాత హిక్సన్, చల్లబరిచేటప్పుడు పగుళ్ల చప్పుడు వినే పరికరం ఒకటి తయారుచేశాడు. దానికి క్రాక్‌ఫోన్ అని పేరు. ఏ ఉష్ణోగ్రత దగ్గర పగుళ్లు మొదలవుతున్నాయో దాంతో వింటారు. అంత చలి అక్కర్లేకుండా కొంచెం పైన ఆపి దాచొచ్చా అన్న పరిశోధన ఇలాంటి చోట నుంచే బలపడింది.

చాట్స్‌వర్త్ బయటపడింది 1979లో, ఈ రిపోర్టు వచ్చింది 1984లో. మధ్యలో ఐదేళ్లు. అదే ఉద్యమం, అదే రాష్ట్రం, అదే నమ్మకం. ఒకచోట చెడ్డ వార్తని నేలమాళిగలో పెట్టి మూత వేశారు. ఇంకోచోట పత్రికలో వేశారు. రెండోది చదివి సభ్యులు పారిపోలేదు. ఆ సంస్థ ఇప్పటికీ ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. నేనే వేస్తా. అన్నా, చిన్న ఉద్యమం, బయట అందరూ కొడుతుంటే లోపలివాళ్లు కూడా కొడితే నిలబడుతుందా అని.

న్యాయమైన ప్రశ్నే. 1987 డిసెంబర్‌లో ఆల్కర్ డోరా కెంట్ అనే వృద్ధురాలి తలను దాచింది. ఆమె కొడుకు సాల్ కెంట్ ఆ ఉద్యమంలో పెద్ద కార్యకర్త. ఆమె చనిపోకముందే మందులిచ్చారేమోనని కరోనర్ ఆఫీసుకి అనుమానం వచ్చింది. పోస్టుమార్టం కోసం తల అప్పగించమన్నారు. సంస్థవాళ్లు తలను దాచేశారు. అధికారులు వచ్చి సోదాలు చేశారు, పనిచేసేవాళ్లకు బేడీలు వేశారు. చివరికి కోర్టు తలను కోయకుండా ఆపింది. అలాంటి రోజుల్లో లోపల ఎవరైనా, మనం చేసింది సరిగ్గా ఉందా అని అడిగితే మిగతావాళ్లకు ఎలా వినపడుతుందో ఊహించండి. ముట్టడిలో ఉన్నవాడికి ప్రతి ప్రశ్నా వెన్నుపోటులాగే ఉంటుంది. ఆ మనసుని నేను తప్పు పట్టను. ముట్టడి అయిపోయాక కూడా ఆ అలవాటు పోకపోవడాన్ని తప్పు పడతా.

ఇంకో పక్క కూడా చెప్పాలి. మైక్ డార్విన్ పేరు పైన చెప్పా. డయాలసిస్ టెక్నీషియన్‌గా పనిచేసినవాడు. 1980ల్లో ఆల్కర్‌కి అధ్యక్షుడు. జెర్రీ లీఫ్‌తో కలిసి ఈ పనిలోకి ఆస్పత్రి క్రమశిక్షణ తెచ్చాడు. తర్వాత బయటికొచ్చి, ఆ క్రమశిక్షణ తగ్గిపోతోందని ఏళ్ల తరబడి పొడవాటి విమర్శలు రాశాడు. అవి చేదుగా ఉంటాయి. కానీ వాటిలో గంటలుంటాయి, ఉష్ణోగ్రతలుంటాయి, ఏ కేసులో ఏం జరిగిందో ఉంటుంది. చేదుగా ఉందని పక్కన పెడితే ఆ గంటలూ పోతాయి. అలాగే, చేదుకి ఖర్చు లేదని కూడా నేను అనను. జీతం లేకుండా రాత్రిళ్లు పనిచేసే వాలంటీరు వెక్కిరింపు పది సార్లు భరిస్తాడు, పదకొండోసారి రాడు. 1993లో ఆల్కర్ చీలింది. బయటికొచ్చినవాళ్లు క్రయోకేర్ అనే సంస్థ పెట్టారు. అది దశాబ్దం కూడా నిలవలేదు. విమర్శించేవాళ్లంతా ఒక గదిలో చేరితే చాలదు. నైట్రోజన్ ఎవరో ఒకరు నింపాలి.

కాబట్టి గొంతు స్థాయిని బట్టి గీత గీయకండి. నేను గీసే గీత ఇది. నాలుగు ప్రశ్నలు.

మొదటిది, ఆ మాటని సరిచూడొచ్చా? "మీరంతా మోసగాళ్లు" అంటే సరిచూడటానికి ఏమీ లేదు. "మార్చిలో నైట్రోజన్ బిల్లు ఎవరు కట్టారు" అంటే రసీదు తీస్తే తేలిపోతుంది.

రెండోది, ఏం చూపిస్తే తన మాట మార్చుకుంటాడో ముందే చెప్పాడా? కెన్ హేవర్త్ అనే న్యూరోసైంటిస్టు 2010లో ఒక ఫౌండేషన్ పెట్టి, మెదడులో నరాల మధ్య కలిసే సన్నటి చోట్లు కూడా చెక్కుచెదరకుండా దాచామని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాలతో చూపించండి, బహుమతి ఇస్తా అన్నాడు. 2016లో కుందేలు మెదడుకి, 2018లో పంది మెదడుకి ఆ బహుమతులు వచ్చాయి. ఆ పద్ధతిలో వాడేది గ్లుటరాల్డిహైడ్ అనే విష రసాయనం. అది కణజాలాన్ని ఉన్నచోటే బిగించేస్తుంది. కాబట్టి అది ఆ సంస్థలు అప్పటిదాకా చేస్తున్న పని కాదు, శరీరాన్ని లేపే దారీ కాదు. అయినా అంతకుముందు నమ్మకం, అపనమ్మకం మధ్య నడిచిన గొడవలో ఒక కొలత వచ్చి చేరింది.

మూడోది, ఎవరి తరఫున మాట్లాడుతున్నాడు? తన పరువు కోసమా, పాత పగ కోసమా, గొట్టంలో ఉండి మాట్లాడలేనివాళ్ల కోసమా?

నాలుగోది సంస్థకు వేయాల్సిన ప్రశ్న. ఆ విమర్శ వల్ల ఏ నిబంధన మారింది? చాట్స్‌వర్త్ నేర్పిన పాఠం వల్లనే ఇప్పుడు నెలనెలా బంధువుల దగ్గర వసూలు చేసే పద్ధతి పోయింది. డబ్బు ముందే, ఎక్కువగా జీవిత బీమా రూపంలో, సిద్ధం చేయించుకుంటారు. ఆ మార్పు కోసం అంతమంది కరిగిపోవాల్సి వచ్చింది.

ఈ నాలుగూ చెప్పాక ఒక హెచ్చరిక. నిర్మాణాత్మక విమర్శ అనే మాటనే గొంతు నొక్కడానికి వాడతారు. "సమస్య చెప్పొద్దు, పరిష్కారం ఉంటే చెప్పు" అంటారు. చాలా తెలివైన మాటలాగా వినపడుతుంది. చాట్స్‌వర్త్ నేలమాళిగ ముందు నిలబడ్డ ఒక కూతుర్ని ఊహించుకోండి. ఆమెకు పంపుల గురించి తెలియదు, నైట్రోజన్ ధర తెలియదు. ఆమె దగ్గర ఉన్నది ఒకటే ప్రశ్న: మా నాన్న ఎలా ఉన్నాడు? ఆ ప్రశ్నలో పరిష్కారం ఎక్కడుంది? లేదు. అయినా ఆ ఏళ్లన్నిటిలో అడగగలిగిన ప్రశ్నల్లో అంతకన్నా పనికొచ్చేది ఇంకొకటి లేదు. ఎవరైనా తాళం తీసి చూపించి ఉంటే చాలు. నష్టపోయినవాడు పరిష్కారం తేవక్కర్లేదు. నిజం చెప్పమని అడిగితే చాలు. పరిష్కారం వెతకాల్సిన పని, తాళం ఎవరి చేతిలో ఉందో వాళ్లది.

ఆఖర్న బెడ్‌ఫోర్డ్ సంగతి చెప్పి ఆపేస్తా. 1974కి ముందు దాచినవాళ్లలో ఈ రోజుకీ మిగిలింది ఆయనొక్కడే. మిగతావాళ్లంతా పోయారు. ఆయన చాట్స్‌వర్త్ మాళిగలోకి వెళ్లలేదు. ఆయన భార్య, కొడుకు ఆయన్ని వేరేచోట పెట్టుకుని, ఖర్చు తామే భరించి, ఒకచోట నచ్చకపోతే ఇంకోచోటికి మారుస్తూ వచ్చారు. 1982లో ఆల్కర్‌కి చేర్చారు. 1991లో పాత గొట్టం కోసి కొత్తదాంట్లోకి మార్చేటప్పుడు శరీరాన్ని పరీక్షించి, చర్మం రంగు మారిన చోట్లతో సహా చూసింది చూసినట్టు రాసి అచ్చేశారు. మంచు ముక్కల అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. మధ్యలో కరగలేదనడానికి అదొక గుర్తు. ఆయన ఎప్పటికైనా లేస్తాడా? నేను నమ్మను. కానీ ఇచ్చిన మాట నిలబడిందా లేదా అని ఎవరో ఒకరు తెరిచి చూశారు. చూసింది రాశారు.

తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు దొరికిందనుకుంటా. లెక్కలు అడుగు. కాగితం మీద, తేదీ వేసి, ఏ నెల, ఏ ఖర్చు అని అడుగు. చూపిస్తే చదివి, సరిగ్గా ఉంటే సరిగ్గా ఉందని అందరి ముందూ చెప్పు. చూపించకపోతే మళ్లీ అడుగు. నిన్ను నెగెటివ్ అంటే అననీ. ఆ తర్వాత మీటింగ్ అయ్యాక కుర్చీలు సర్దడానికి కూడా నువ్వే ఉండు.

వచ్చే భాగంలో ఇంకో వైపు నుంచి: విమర్శని ఎలా తీసుకోవాలి. అందులో నా తప్పుల లెక్క కూడా ఉంటుంది.